పొగగొట్టం కింద ముద్ద

ఒక్క ముద్ద ఒళ్ళో ఉన్న చిన్నదానికి,
రెండో ముద్ద రేయంతా మేలుకున్న అయ్యకి,
మూడో ముద్ద…

మూడో ముద్ద ఎవరికో చాముండమ్మకి ఎంత తలగోక్కున్నా గుర్తు రాదు. చిన్నప్పుడు కందుకూరు దగ్గర పొగాకు షెడ్డులో ఆడవాళ్ళు ఆకు ఏరుతూ పాడుకునే పాట అది. మధ్యాహ్నం గంట కొట్టగానే ఒకావిడ పెద్ద బేసిన్‌లో అన్నం కలిపి, చుట్టూ చేరిన పిల్లలకి పాట పాదానికో ముద్ద పెట్టేది. ఆకలి మీదున్న పిల్లలకి పాట ఎవరిక్కావాలి, ముద్ద కావాలి గానీ. అందుకే కాబోలు సగంలోనే ఊడిపోయింది.

డెబ్బై ఒకటో ఏట ఆ సగం పాటనే కూనిరాగం తీస్తూ చాముండమ్మ ఒక అద్దె ఇంటి వంటగదిలో క్యారేజీ సర్దుతోంది. మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరపు చివర, సుపీరియర్ సరస్సు ఒడ్డున, పది ఇళ్ళూ ఒక గ్యాస్ స్టేషనూ ఉన్న చోటు. మార్చి నెల. బయట నడుం లోతు మంచు, దాని మీద కళ్ళు తెరవనివ్వని ఎండ. కింది గిన్నెలో వేడన్నం, పై గిన్నెలో ముద్దపప్పూ నెయ్యీ, ఓ పక్కన తాముండే ట్రాయ్ ఊరి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి. వేడి పోకుండా క్యారేజీని పాత శాలువాలో చంటిబిడ్డని చుట్టినట్టు చుట్టింది.

ఇదంతా మనవరాలు కృతి కోసం. కూతురు శాంతి కూతురు. ట్రాయ్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, ఇరవయ్యారేళ్ళది. దానికి ఆరేళ్ళప్పుడు గుడిలో ఆదివారం తెలుగు బడికి తోడుగా వెళ్ళి, వెనక బల్ల మీద కూర్చుని, చాముండమ్మ తనూ అక్షరాలు దిద్దింది. అప్పటికి ఆమెకి యాభై దాటాయి. ఇంటికొచ్చాక ఆమె వంకర ఒత్తుల్ని సరిదిద్దింది కృతే. ఆ పిల్ల ఇప్పుడు ఆకాశాన్ని చదువుతోంది.

ఉత్తరాన రాత్రిపూట ఆకాశంలో రంగు వెలుగులు ఆడతాయని, వాటిని అరోరా అంటారని చాముండమ్మకి తెలుసు. ఫోన్‌లో ఫొటోలు చూసింది. అవి పగలు కూడా ఉంటాయని మాత్రం తెలీదు. పగటివి ఎర్రగా ఉంటాయట. ఎండ కప్పేస్తుంది గనక కంటికి ఆనవట. కృతి దగ్గర ఒక పెట్టె ఉంది. బియ్యంలోంచి మట్టిబెడ్డ ఏరినట్టు అంత ఎండలోంచీ ఆ ఒక్క ఎరుపుని అది ఏరి పట్టుకుంటుంది. కింద నుంచి ఈ పెట్టె, పైనుంచి ఒక ఉపగ్రహం, రెండూ ఒకే క్షణాన ఒకే వెలుగుని చూశాయంటే అది ఎంత ఎత్తులో పుట్టిందో లెక్క తేలుతుంది.

"భూమి చుట్టూ ఒక కవర్ ఉంటది అమ్మమ్మా, మనల్ని ప్రొటెక్ట్ చేసేది," అని కృతి కారులో వస్తూ చెప్పింది. "పగలు ఒక చోట దానికి హోల్ ఉంటది, ఫనల్ లాగా. అందులోంచి సూర్యుడి గాలి డైరెక్ట్‌గా లోపలికొస్తది."

గాలి ఒక్కటేనా వచ్చేది, అని అడిగింది చాముండమ్మ.

సూర్యుడు బాగా విసిరిన రోజుల్లోనే ఆ ఎరుపు ఇంత కిందికి, మిషిగన్ దాకా దిగుతుంది. అలాంటి రోజులు వచ్చేది రెండు మూడేళ్ళే. ఆ తర్వాత సూర్యుడు నెమ్మదిస్తాడు, మళ్ళీ ఇంతగా విజృంభించడానికి పదకొండేళ్ళు పడుతుంది. కిందటి రెండు మార్చి నెలలూ మబ్బులు మింగేశాయి. ఇది మూడోది, ఆఖరిది. ఈసారి కూడా పైదీ కిందదీ కలవకపోతే కృతి ఐదేళ్ళ చదువు గాల్లో కలిసినట్టే. ఆ మాట కృతి పైకి అనలేదు. గోళ్ళు మాత్రం రక్తం వచ్చేదాకా కొరుక్కునేది.

పరిశీలన చేసే చోట ఒక్కరే ఉండకూడదని కాలేజీ వాళ్ళ రూలు. తోడు రావాల్సిన దేవ్ అనే కుర్రాడు మంచు మీద జారి మడమ విరగ్గొట్టుకున్నాడు. శాంతి ఆఫీసులో లేఆఫులు నడుస్తున్నాయి, సెలవు అడిగే పరిస్థితి కాదు. అప్పుడు చాముండమ్మ నేను పోతానంది. శాంతి కళ్ళు తుడుచుకుని తల్లికి ఒకటే అప్పగింత పెట్టింది: పనిలో పడితే అది తిండి మర్చిపోతుందమ్మా, మెడ ఎముకలు చూడలేకపోతున్నాను, ఎట్లాగైనా నాలుగు ముద్దలు దాని కడుపులో పడేట్టు చూడు.

పరిశీలన గది సరస్సు ఒడ్డున, అద్దె ఇంటికి పావు మైలు దూరంలో ఉంది. ఒకప్పుడు చేపల్ని పొగబెట్టిన కొట్టు. కిటికీల్లేని చెక్క గోడలు, మధ్యలో ఇటుకల పొగగొట్టం. పొయ్యి తీసేసి, పొగగొట్టం పైకొసన అద్దం బిగించి, లోపల అటక లాంటి చెక్క మీద ఆ పెట్టెని కూర్చోబెట్టారు. అటక మీదికి ఒక సన్న నిచ్చెన. పొగగొట్టం కింద బల్ల, కుర్చీ, మైకు.

తలుపు తీయగానే వాసన కొట్టేది. చేపలు పోయి ముప్ఫై ఏళ్ళయిందన్నారు గానీ, నూనె గోడల్లోకి ఇంకి పోయి, చెయ్యి ఆనిస్తే వేళ్ళకి జిడ్డు అంటేది. మొదటిరోజు చాముండమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. రెండో రోజుకి అలవాటైపోయింది. అలవాటయిందనుకుంది.

పని పద్ధతి ఇది. పన్నెండింటికి దీపాలు ఆర్పేయాలి. ఏ కాస్త వెలుగు పొగగొట్టంలోకి పోయినా పెట్టెకి కళ్ళు బైర్లు కమ్మి, ఆ రోజు పని ఆ రోజుకి పోయినట్టే. ఒంటిగంటన్నర దాకా లోపల కటిక చీకటి. బయట పట్టపగలు, మంచు మీద మిలమిలలాడే ఎండ; లోపల మన చెయ్యి మనకి కనపడదు. మాటలు కూడా లేవు, మైకు తెరిచే ఉంటుంది. దూరాన వర్జీనియా రాష్ట్రం హెర్న్‌డన్‌లో కృష్ణమోహన్ అనే ఆయన ఉపగ్రహం కబుర్లు చూసుకుంటూ, అదెక్కడుందో హెడ్‌ఫోన్‌లో కృతి చెవిలో చెబుతుంటాడు. కృతి బటన్ నొక్కుతూ పెట్టెలోని రంగు అద్దాలు మారుస్తుంటుంది. కళ్ళతో పనిలేదు, చెవితోనే పని.

అది చాముండమ్మకి బాగా కలిసొచ్చింది. చెవులు మూసుకుపోయి, చేతులు ఖాళీ లేక, కదలకుండా కూర్చున్న పిల్ల. అంతకంటే ఏం కావాలి. వెనక స్టూలు మీద కూర్చుని, చీకట్లోనే అన్నం కలిపి, ఎడం చేత్తో కోటు భుజం తడుముకుని, కుడిచేత్తో ముద్ద నోటికి అందించేది. పిల్ల చిన్నప్పటిలాగే నోరు తెరిచేది. మొదటిరోజు మూడు ముద్దలు. రెండోరోజు నాలుగు. మూడోరోజు నాలుగు తిని ఐదోదానికి పళ్ళు బిగించింది, గోరుకి టక్కున తగిలాయి.

నాలుగోరోజు పది తిన్నది.

చాముండమ్మ ఆశ్చర్యపోయింది. నోట్లో పెట్టీ పెట్టకముందే పెదాలు ముద్దని లాక్కున్నాయి. వేళ్ళకంటిన నెయ్యి కూడా చీకాయి. ఆకలి ఇప్పటికి విచ్చుకుందని సంబరపడింది. ఐదోరోజు పద్నాలుగు. ఆరోరోజు క్యారేజీ అడుగు గీకి పెట్టింది.

ఈ లెక్క ఆమె ఎవరితోనూ అనలేదు, కృతితో అసలే అనలేదు. పిల్ల ఇన్ని తిన్నదని పైకంటే దిష్టి తగులుతుంది. కన్నతల్లి దిష్టయినా తగులుతుందంటారు. శాంతి ఫోన్ చేసినప్పుడు కూడా "తింటోందిలే" అని ఊరుకుంది. దీపాలు వెలిగాక ఖాళీ గిన్నెలు కడుక్కుంటూ లోలోపలే మురిసిపోయేది. ఆ సమయంలో కృతి ఏదో ఒక చాక్లెట్ బార్ చింపుకుని కొరుకుతుంటే, కుర్రదానికి తీపి కావాలి కాబోలనుకునేది.

ఆరోరోజు పని అయ్యాక కృష్ణమోహన్ స్పీకర్‌లో పలకరించాడు. మంచి హాస్యగాడు. "ఏంటండీ చాముండమ్మగారూ, అంత చలిలో మీకు మామిడి టెంక ఎక్కడ దొరికింది? రెండు రోజుల్నుంచి మైకులో ఒకటే చీకుడు."

కృతి అమ్మమ్మ వంక చూసి ముసిముసిగా నవ్వింది. చాముండమ్మ కృతి వంక చూసి ముసిముసిగా నవ్వింది. ఎవరికి వాళ్ళు రెండో వాళ్ళ సంగతే అనుకున్నారు.

కానీ పిల్ల చిక్కిపోతోంది. ప్యాంటు బెల్టుకి చాకుతో కొత్త చిల్లు పొడుచుకుంది. క్యారేజీడు అన్నం తినే మనిషికి బుగ్గలు పీక్కుపోతాయా? కడుపులో ఏమైనా పురుగులున్నాయేమో, ట్రాయ్ వెళ్ళగానే డాక్టరుకి చూపించమనాలి అనుకుంది.

వాసన కూడా మారింది. చేప కంపు అలాగే ఉంది, కానీ దాని అడుగున ఇంకోటి. తీపిగా, పులుపుగా. పసిపిల్ల పాలు కక్కుకుంటే మెడ మడతల్లో ఒక వాసన వస్తుంది. అలాంటిది. చీకట్లో ముద్ద అందించేటప్పుడే వచ్చేది. దీపం వేశాక వచ్చేది కాదు.

ఏడోరోజు పొద్దున కృతి పైకప్పెక్కి పొగగొట్టం అద్దం తుడిచింది. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ చాముండమ్మ చేతికి గుడ్డ విసిరింది. గుడ్డ బరువుగా పడింది. దాని మీద జిగట. కప్పగుడ్ల చుట్టూ ఉండే జిగురులా తెల్లగా, సాగుతూ. అంత చలిలో గడ్డ కట్టలేదు. గోరువెచ్చగా ఉంది. జిగట మధ్యలో అన్నం మెతుకులు.

చాముండమ్మకి కడుపులో తిప్పింది. చాముండమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ముసలి బుద్ధి. నెయ్యి, గోంగూర, తన చేతి ఉప్పు. ఇంకా ఆ పాల వాసన.

కృతి పైనుంచి దిగి, ఏ పక్షో, చెట్లెక్కే రకూన్ జంతువో అయ్యుంటదని తేల్చేసింది. అయితే అద్దానికి ఏ వైపునుందే అది, అని అడిగింది చాముండమ్మ. కృతి "రెండు వైపులా," అంది. లోపలికి ఏ దారిన పోయిందో తర్వాత చూస్తానంది. తర్వాత చూసే తీరిక ఆ పిల్లకి ఎక్కడిది.

సాయంత్రాలు అద్దె ఇంట్లో లాప్‌టాప్ ముందేసుకుని కృతి లెక్కలు చూసుకునేది. ఓసారి బొమ్మ అమ్మమ్మకి కూడా చూపించింది. నల్లని గుండ్రంలో ఎర్రని పట్టీ. కాసేపటికి అది ఉత్తరానికి జారి మాయమైంది, దక్షిణాన ఇంకో పట్టీ పుట్టింది. అది జారింది, ఇంకోటి పుట్టింది. ఎంత బాగుందో చూడమంది కృతి. చాముండమ్మకి బాగోలేదు. జబ్బు మనిషి నోరు తెరిచి గుటకలు వేస్తుంటే గొంతులోకి తొంగి చూసినట్టుంది. మొహం తిప్పేసుకుంది.

లెక్కలు కూడా సరిగ్గా కుదరడం లేదట. మొదటి రోజుల్లో వచ్చిన బలహీనపు ఎరుపు రెండు వందల యాభై కిలోమీటర్ల ఎత్తున తేలింది. ఉండాల్సింది అక్కడే. ఐదోరోజు తొంభై. ఏడోరోజు పదకొండు. ఎనిమిదోరోజు నాలుగు వందల మీటర్లు. పైదానికీ కిందదానికీ గడియారాలు కలవట్లేదేమో అన్నాడు కృష్ణమోహన్. కృతి రాత్రంతా కూర్చుని గడియారాలు సరిచూసింది. కలిసే ఉన్నాయి.

తొమ్మిదోరోజు తెల్లవారుతూనే ఫోన్లు మోగాయి. రెండు రోజుల కింద సూర్యుడు విసిరిన పెద్ద తుపాను ఆ మధ్యాహ్నానికి వచ్చి తగులుతుందట. ఆకాశం అద్దంలా ఉంది. ఉపగ్రహం సరిగ్గా నెత్తి మీంచి పోయేది పన్నెండు యాభైకి. ఇలాంటిది ఇక రాదు. దారిలో కృతి అమ్మమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, ఇవాళ ఏం జరిగినా లైటు మాత్రం వెయ్యొద్దని మూడుసార్లు చెప్పింది. వెయ్యనని మాటిచ్చింది చాముండమ్మ.

పన్నెండింటికి దీపం ఆరింది.

చీకటి. కొయ్య గోడలు చలికి టక్ టక్ మంటున్నాయి. బయట గాలి కూడా లేదు. చాముండమ్మ కాసేపు ఆగి, మెల్లిగా శాలువా విప్పి, అన్నం కలిపింది. ఎడం చేత్తో కోటు భుజం తడిమింది. కోటు ఉంది. తడిగా ఉంది. చెమట పట్టిందేమో పాపం అనుకుంది.

మొదటి ముద్ద. లాక్కుంది. రెండో ముద్ద. మూడు, నాలుగు. ఇవాళ ఇంకా తొందరగా ఉంది. వేళ్ళు రెండో కణుపు దాకా నోట్లోకి పోయాయి. నాలుక చుట్టుకుంది. గరుగ్గా, వెడల్పుగా… ఇంత వెడల్పా? పాల వాసన గుప్పుమంది.

అప్పుడు గుసగుస వినిపించింది.

"అమ్మమ్మా…"

కుర్చీలోంచి కాదు. నెత్తి మీంచి. పొగగొట్టంలోంచి.

"ఇవాళైనా నాకు కొంచెం రైస్ ఉంచు. ఫైవ్ డేస్ అయింది నీ ముద్ద తిని."

చాముండమ్మ ఎడం చేతి కింద కోటు భుజం అలాగే ఉంది.

"నువ్వే తినేస్తున్నావ్ రోజూ," గుసగుసలో నవ్వు. మైకుకి అందనంత సన్నగా. "అద్దాలు మార్చే మోటార్ ఫ్రీజ్ అయింది కదా, చేత్తో తిప్పాలి, అందుకే పైన ఉంటున్నా. తెలీదా నీకు?"

తెలీదు. అటక కంత ఇరుకు, కోటుతో పట్టదు. కోటు విప్పి కుర్చీకి తొడిగి, మేజోళ్ళ కాళ్ళతో చప్పుడు లేకుండా నిచ్చెన ఎక్కేది ఆ పిల్ల. పని అయ్యాక చీకట్లోనే దిగి తనే దీపం వేసేది. మైకు ముందు మాట్లాడకూడదు గనక చెప్పలేదు. దిష్టి తగులుతుందని ఈమె చెప్పలేదు. నాలుగోరోజు నుంచీ.

వేళ్ళు ఇంకా ఆ నోట్లోనే ఉన్నాయి.

భయం కంటే ముందు రోత వచ్చింది. ఇన్నాళ్ళూ తను గుర్తించనిది ఇప్పుడు వేళ్ళకి తెలుస్తోంది. పైన చిగురు. కింద చిగురు. తొక్క తీసిన తాటిముంజెలా నున్నగా, చల్లగా. ఎక్కడా గట్టిది తగల్లేదు. చిగుళ్ళు నొక్కుతున్నాయి, వదులుతున్నాయి. నొక్కుతున్నాయి, వదులుతున్నాయి. చొంగ మణికట్టు మీదుగా కారి గాజుల్లోకి చేరింది.

స్విచ్చు తలుపు పక్కన. నాలుగు అడుగులు.

"ఓ మై గాడ్ అమ్మమ్మా," పైనుంచి కృతి, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. "వచ్చింది. రెండూ చూస్తున్నాయి. సెవెన్ మినిట్స్. ప్లీజ్, సెవెన్ మినిట్స్ ఏం కదలకు."

ఆ గొంతు వినగానే నోరు ఆగింది. చిగుళ్ళు వదులయ్యాయి. కుర్చీ కిర్రుమంది. కుర్చీలో ఉన్నది ఏదైతేనేం, అది మొహం పైకెత్తింది… కృతి వైపు. కోటు భుజం చాముండమ్మ ఎడం చేతి కింద మెల్లగా పైకి లేచింది. ఇంకా లేచింది. మనిషి భుజం లేవాల్సినంత లేచాక కూడా ఆగలేదు.

దీపం వేస్తే పదకొండేళ్ళు. వెయ్యకపోతే…

చాముండమ్మ ఇంకో ముద్ద కలిపింది.

ముద్ద గుండ్రంగానే వచ్చింది. చెంప అనుకున్న చోట మెల్లిగా తట్టింది, పేచీ పెట్టే పిల్లని తట్టినట్టు. ఇటు. ఇటు చూడు. చెంప వేలి కింద లోపలికి దిగిపోయి, మళ్ళీ పొంగింది. మొహం తిరిగింది. నోరు తెరుచుకుంది. పెట్టింది. భుజం కిందికి దిగింది.

గిన్నెలో ఎంత మిగిలిందో తడిమి చూసుకుంది. పెద్ద ముద్దలైతే ఆరు. నిమ్మకాయంత చేసింది. తర్వాత ఉసిరికాయంత. డోకు వచ్చినప్పుడల్లా పళ్ళ బిగువున మింగింది. పెదాలు మాత్రం కదిలించి, గొంతు లేకుండా పాట పాడుకుంది. ఒక్క ముద్ద ఒళ్ళో ఉన్న చిన్నదానికి… రెండో ముద్ద రేయంతా మేలుకున్న అయ్యకి… అక్కడ ఆగిపోయింది. ఆ నోరు కూడా ఆగిపోయింది. చిగుళ్ళు ఆమె వేళ్ళని పట్టుకుని కదలకుండా ఉన్నాయి. తర్వాతి మాట కోసం చూస్తున్నట్టు.

మళ్ళీ మొదటి నుంచి పాడింది.

మెతుకులు అయిపోయాయి. గిన్నె అంచు నాకించింది. అదీ అయిపోయింది. ఇక ఏమీ లేదు. అప్పుడు చాముండమ్మ కళ్ళు మూసుకుని, ఆ చీకట్లో మూసినా తెరిచినా ఒకటే అయినా మూసుకుని, ఉత్త వేళ్ళు నాలుగూ దాని నోటికి ఇచ్చింది. అది చీకింది. గొంతు దాకా లాక్కుని చీకింది. గుటక. గుటక. గుటక.

"డన్," అంది కృతి పైనుంచి. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. "డన్ అమ్మమ్మా. లైట్ వేసుకో."

వేళ్ళ మీద పట్టు పోయింది. ఒక చల్లటి తడి ఆమె మొహం పక్కనుంచి పైకి వెళ్ళింది, పొగ పోయినట్టు. నాలుగు అడుగులు వేసి స్విచ్చు నొక్కింది.

కుర్చీలో కోటు ఒక్కటే ఉంది. కాలరు నుంచి అంచు దాకా తడిసి, దారాలు దారాలుగా కారుతోంది. కుడిచేతి వేళ్ళు నాలుగూ రోజంతా నీళ్ళలో నానినట్టు తెల్లగా ఉబ్బి, ముడతలు పడి ఉన్నాయి. గోళ్ళు ఒత్తితే వంగుతున్నాయి.

దీపం వేసినా పోని పాల కంపు ఎక్కడిదా అని చూస్తే బల్ల వెనక, గోడకీ బల్లకీ మధ్య సందులో ఉంది. ముద్దలు. ఆరు రోజుల ముద్దలు. ఒక్కటీ నమలలేదు, ఒక్కటీ మింగలేదు. చీకి చీకి రసం లాగేసి, తెల్లటి జిగట పూసి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉన్నాయి. అడుగువి పాచి రంగుకి తిరిగాయి. పైవి ఇంకా పొగలు కక్కుతున్నాయి.

పైన కృతి హెడ్‌ఫోన్‌లో కృష్ణమోహన్‌తో నవ్వుతూ, ఏడుస్తూ, అంకెలు చదువుతోంది. ఆ పిల్ల నవ్వు విని ఎన్ని నెలలైందో. చాముండమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. చెత్త సంచీ తెరిచింది. చేతుల్తోనే ఎత్తింది, గరిటె కోసం వెతికే టైము లేదు. వేళ్ళ సందుల్లోంచి జిగట సాగింది. రెండుసార్లు వాంతి చేసుకుంది, అదీ ఆ సంచీలోనే. కృతి నిచ్చెన దిగేసరికి నేల తుడిచేసి, సంచీ మూతి బిగించేసి, వెళ్దాం పద తల్లీ అని మాత్రం అంది. కోటు మీద నీళ్ళు ఒలికాయని చెప్పింది.

చూసింది ఎవరికీ చెప్పలేదు. కృతికి చెప్పలేదు, శాంతికి చెప్పలేదు. దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు కూడా మనసులో అనుకోలేదు. పిల్ల కడుపు మాడ్చి, దేనికో తన చేత్తో తినిపించానని ఏ నోటితో చెబుతుంది?

కృతి పంట పండింది. రెండు వందల నలభై కిలోమీటర్ల ఎత్తున, పైనుంచీ కిందనుంచీ ఒకేసారి చూసిన పగటి అరోరా. పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. శీతాకాలానికి పీహెచ్‌డీ పట్టా వచ్చి డాక్టర్ కృతి అయింది. బొమ్మలో ఒక మూల ఇంకో చిన్న మచ్చ ఉండేదట. దాని ఎత్తు ఒక మీటరూ చిల్లర అని తేలితే, యంత్రం పొరపాటని తుడిచేశారట. కృష్ణమోహన్ అది కూడా జోకుగానే చెప్పాడు.

ఇంటికొచ్చాక కృతి తిండి బాగుపడింది. శాంతి ఆనందానికి అంతు లేదు. చాముండమ్మ మాత్రం పిల్ల తింటుంటే ఎదురుగా కూర్చోలేకపోయేది. కృతి ఇప్పుడు ముద్ద ముద్దనీ చాలాసేపు నములుతుంది. మాట్లాడదు, ఫోన్ చూడదు, తలుపు వైపు చూస్తూ నములుతుంది. అన్నం గంజిలా అయ్యే దాకా. అప్పుడు కూడా వెంటనే మింగదు. చెంపలో ఒక పక్కకి దాచి, నాలుకతో తడిమి చూసుకుంటుంది.

మళ్ళీ మార్చి వచ్చింది. ఆ సరస్సు ఒడ్డున కృతికి ఇక పనేమీ లేదు. కాలేజీ వాళ్ళు పెట్టె ఎప్పుడో ఊడదీసి పట్టుకుపోయారు. అయినా ఒక శనివారం పొద్దున కారు డిక్కీలో రైస్ కుక్కరూ, ఇరవై పౌన్ల బియ్యం సంచీ, నెయ్యి డబ్బా సర్దుకుంది. ఒక్కదానివే ఎందుకే అని శాంతి అడిగితే రెస్ట్ కోసమంది. చాముండమ్మ చెప్పులైనా లేకుండా మంచులోకి పరిగెత్తి కారు తలుపు పట్టుకుంది. నేనూ వస్తానంది. వద్దంటే నువ్వూ పోవద్దంది. ఏడ్చింది కూడా.

కృతి కారు దిగి అమ్మమ్మని దగ్గరికి తీసుకుంది. ఎముకల్లేనంత మెత్తగా, ఎప్పటికంటే ప్రేమగా. ఇది జరిగి నలభై రోజులు. ఆ తర్వాత ఎవరు చేసినా కృతి ఫోను మోగుతుంది గానీ ఎత్తదు. పోలీసులు వెళ్ళి చూస్తే కొట్టు తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉందట, పగలగొడితే లోపల ఎవరూ లేరట. చాముండమ్మ మాత్రం రోజూ మధ్యాహ్నం వంటగదిలో నిలబడి, ఆ రోజు మంచులో మనవరాలు తన ముడతల వేళ్ళని చేతిలోకి తీసుకుని చెవిలో చెప్పిన మాటే వింటూ ఉంటుంది.

"పాపం, దానికింకా పళ్ళు రాలేదమ్మమ్మా. ఈసారి నేనే నమిలి పెడతా."